రెండో పొయ్యి

దారి మీద,
పెట్రోలు బంకు వెనక హోటలు

మొద్దుకి,

మేం బాగానే ఉన్నాం. నువ్వెలా ఉన్నావో అడగను, గిన్నెలు మాడకుండా ఉంటే నువ్వూ బాగానే ఉన్నట్టు. ఫోన్ చేస్తే చెవికి పెట్టుకుని ఊఁ కొడుతూ పొయ్యి సంగతి మర్చిపోతావు, అందుకని ఉత్తరమే రాస్తున్నాను. బల్లలు తుడిచాక చదువు.

ఇన్నేళ్ళ కాపురంలో మీ బావ నన్ను పెళ్ళికో చావుకో తప్ప గుమ్మం దాటించలేదు. అలాంటి మనిషి పాత కారు కడిగించి, సీటు మీద కొత్త తువ్వాలు పరిచి, "పద, ఆకలేసిన చోట ఆగుదాం, నిద్రొచ్చిన చోట పడుకుందాం, తొందరేం లేదు" అన్నాడు. నక్క తోక తొక్కానే నేను! నీకు ఇలా తిప్పడానికే కాదు, తిట్టడానికి కూడా మొగుడు మిగల్లేదు కాబట్టి ఈ సంతోషం నీకు అర్థం కాదు. అయినా రాయకుండా ఉండలేను.

జాడీలు వరసగా పెట్టి వచ్చాను. ఉప్పూ మిరియాలూ అన్నీ నా చేత్తో కలిపినవే. గిన్నెకొక జాడీ. బోర్లించు, కలుపు, మూత పెట్టు. రుచి చూడకు. రుచి చూడటానికి నీకు నాలుక ఎక్కడ ఏడ్చింది? గరిటె మాత్రం నాతోనే తెచ్చుకున్నాను, కారులో నా కాళ్ళ దగ్గర ఉంది. నేను గరిటెతో గిన్నె అంచు మీద రెండు దెబ్బలు కొట్టేదాకా వంటింట్లోంచి చుక్క సూపు కదలకూడదన్నది మన హోటల్లో మొదటి నుంచీ ఉన్న కట్టడి. నేను లేనని ఆ దెబ్బలు నువ్వు కొట్టడం మొదలెడతావేమో అనిపించింది. బోర్డు మీద "అక్క హోటలు" అని రాసుంది, "చెల్లి హోటలు" అని కాదు.

ఇక్కడ తిండి అంటావా, చప్పిడి. ఈ దారి పొడుగునా ఉప్పుకి కరువొచ్చినట్టుంది. నిన్న ఒక హోటల్లో వంటవాణ్ణి బయటికి పిలిపించి, అతని కళ్ళముందే ఉప్పుసీసా మూత తీసి ప్లేట్లో వంపాను. "ఇదీ ఉప్పు అంటే. ఎప్పుడైనా చూశావా?" అన్నాను. ఆ ముసలి వంటవాడి మొహం కందగడ్డ అయింది. అందరూ తినడం ఆపి చూశారు. మీ బావ తల దించుకుని "నాకు సరిపోయిందే" అన్నాడు. ఆయనకి సరిపోనిదేముంది, నిన్నే ఇన్నేళ్ళు భరించాడు.

వచ్చేవారం వంతెన పక్క లాడ్జిలో ఉంటాం, అక్కడికి రాయి. ఆ తర్వాత ఎటు పోతామో నాకే కాదు, మీ బావకీ తెలీదట. అదే ఈ ప్రయాణంలో మజా.

అక్క


మన హోటలు,
వెనక వరండా

గౌరవనీయురాలైన అక్కకి,

నీ ఉత్తరం బల్లలు తుడిచాకే చదివాను. నువ్వు అంత సంతోషంగా ఉంటే నాకంతకన్నా ఏం కావాలి.

ఇక్కడంతా నువ్వు పెట్టిన పద్ధతిలోనే నడుస్తోంది. జాడీలు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. గరిటె లేదు కాబట్టి నేను దేంతోనూ కొట్టడం లేదు, "అయింది" అని నోటితో చెప్తున్నాను. గిన్నెలు కడిగే పెద్దాయనకి అది అలవాటు కాలేదు, నేను చెప్పాక కూడా దెబ్బల కోసం చూస్తూ నిలబడుతున్నాడు.

ఎదురు షాపు టైర్లాయన రోజూ నీ గురించి అడుగుతున్నాడు. నిన్న సూపు రెండోసారి పోయించుకుని, "అక్క ఊళ్ళో లేకపోయినా అక్క చెయ్యి మాత్రం ఇక్కడే ఉంది" అన్నాడు. నీకు చెప్తానన్నాను, చెప్పాను.

దారిలో ఎక్కడైనా నీకు ఉప్పు సరిపోయిన తిండి దొరికితే తప్పకుండా రాయి అక్కా. ఆ పూట బావ ఎంత తిన్నాడో అది కూడా రాయి.

మొద్దు


వంతెన పక్క లాడ్జి

మొద్దుకి,

దొరికిందే! ఈ లాడ్జి కిందే ఒక హోటలుంది. నడిపేది ఒక లావుపాటావిడ, చేతులు నిండా కాలిన మచ్చలు, అంటే పనిమంతురాలే. మొదటి పూట ఈవిడదీ చప్పిడే. రెండో పూట మీ బావ లేచి వంటింట్లోకి వెళ్ళి ఆవిడతో ఏదో చెప్పొచ్చాడు. ఆ తర్వాత వచ్చింది చూడు కోడి సూపు! నాలుక చురుక్కుమంది. ఎన్నాళ్ళకి ఒక వంట వంటలా తగిలిందో. గిన్నె అడుగు రొట్టెముక్కతో తుడుచుకుని తిన్నాను. నువ్వడిగావు కాబట్టి చెప్తున్నాను, మీ బావ ఒక చెంచా నోట్లో పెట్టుకుని జగ్గుడు నీళ్ళు తాగాడు. కడుపులో బాగాలేదట. అదృష్టం ఉండాలి తినడానికి కూడా.

ఆవిణ్ణి పిలిచి మెచ్చుకున్నాను. నేను ఊరికే మెచ్చుకోను కదా. పాపం ఆవిడ నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నావంక అలా చూస్తూ నిలబడిపోయింది. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. పెద్ద చెయ్యి మెచ్చుకుంటే అలాగే ఉంటుంది.

టైర్లాయన నా చెయ్యి అక్కడే ఉందన్నాడా? ఉండదూ మరి, జాడీలు ఎవరివి? నువ్వు మధ్యలో గిన్నెవి, తాగేది ఆయన, నింపేది నేను.

ఈ ప్రయాణంలో తీరిగ్గా ఆలోచించాను. వెనక్కి రాగానే వంటింట్లో కొత్తమనిషిని పెడతాను. ఎముకలు కొట్టడానికి, ఉల్లిపాయలు తరగడానికి చురుకైనవాళ్ళు కావాలి. నీకు చేతివేగం తగ్గింది, పైగా పొయ్యి దగ్గర మరీ ఎక్కువసేపు నిలబడుతున్నావు, నేను గమనించాను. ఇకనుంచి బయట గిన్నెల దగ్గర ఉండు. ఆ పెద్దాయనకి తోడుగా ఉంటుంది. మొగుడు వదిలేసి వీధిలో నిలబడ్డ రోజున పట్టుకొచ్చి అన్నం పెట్టాను, ఇప్పుడూ పెడతాను, దానికేం భయం లేదు. పొయ్యి మాత్రం నీది కాదు.

రేపు బయల్దేరుతున్నాం. ఎటో తెలీదు.

అక్క


మన హోటలు,
పొయ్యి దగ్గర

కొండ మలుపు రేకుల హోటలు వాళ్ళ చేతికిచ్చి,
అక్కకి అందజేయవలసింది

అక్కా,

ఈ ఉత్తరం నీకంటే ముందే ఇక్కడికి వచ్చిందేమిటా అని ఆశ్చర్యపోతున్నావా? నువ్వు చెప్పలేదు కదా ఇక్కడ ఆగుతామని. నీకు తెలీదు మరి. బావకి తెలుసు. కారు కడిగించక ముందే ఏ ఊరి తర్వాత ఏ ఊరో, ఏ హోటలు తర్వాత ఏ హోటలో నాకు చెప్పాడు. ఇద్దరం కూర్చునే అనుకున్నాం.

నీకు నెమ్మదిగా చెప్పాలన్నది ఆయన ఉద్దేశం. "నలుగురి వంటలూ తింటే తనకే తెలిసొస్తుంది, మనం చెప్పక్కర్లేదు" అన్నాడు. నేను సరేనన్నాను. ఆ దారి పొడుగునా నీకు తెలిసిరాలేదు. తెలియకపోగా నన్ను గిన్నెల దగ్గరికి తోలావు. అందుకని నాకు నెమ్మది పోయింది.

ఒక పని చెయ్యి. అదే బల్ల దగ్గర కూర్చుని రెండు గ్లాసుల నీళ్ళు తెమ్మను. నువ్వు కళ్ళు మూసుకో. బావ ఒక గ్లాసులో చెంచాడు ఉప్పు వేసి కలుపుతాడు. రెండూ తాగి, ఏ గ్లాసులో ఉప్పుందో చెప్పు. చెప్తే వచ్చిన రోజునుంచి చచ్చేదాకా గిన్నెలు కడుగుతాను, నోరెత్తితే అడుగు.

చెప్పలేకపోతే నాకు రాయి.

నీ చెల్లెలు


కొండ మలుపు,
రేకుల హోటలు

ఏమే,

రెండూ నీళ్ళే అన్నాను. విన్నావా? సంతోషమేనా?

కళ్ళు తెరిచేసరికి మీ బావ ఒక గ్లాసు నా ముందుకి జరిపి "మళ్ళీ తాగు" అన్నాడు. తాగాను. "నీళ్ళే కదా" అన్నాను. పక్క బల్ల దగ్గర లారీ డ్రైవర్లు ముగ్గురు కూర్చున్నారు, చెవులు ఇటే పడేసి. మీ బావ ఆ గ్లాసు తీసి వాళ్ళలో ఒకడికిచ్చాడు. వాడు గుటక వేసి బల్ల కింద ఉమ్మేశాడు. "ఏంటిది సముద్రంలోంచి తెచ్చారా?" అన్నాడు. అందరూ నవ్వారు. మీ బావ కూడా నవ్వాడు. ఆపుకోవాలని చూశాడు గానీ ఆపుకోలేకపోయాడు. ఏడాదిగా ఆ నవ్వు దాచుకున్నాడట, జనం లేచిపోయాక చెప్పాడు, తప్పు ఒప్పుకున్నట్టు.

ఆ హోటలు పిల్ల ప్లేటు తెచ్చి పెడుతూ "ఉప్పు కావాలా అమ్మా" అనడిగింది. అది మామూలుగానే అడిగిందట. నేను ప్లేటు విసిరికొట్టాను.

మీ ఇద్దరూ కూర్చుని అనుకున్నారా? ఎక్కడ కూర్చున్నారు? నేను సంతకి పోయినప్పుడా, నిద్రపోయినప్పుడా? ఒక నాలుక పోతే పోయింది, కళ్ళు పోలేదు నాకు. దిక్కులేనిదానివని ఇంట్లోకి రానిస్తే పక్కలో చేరదామనుకున్నావా? ఇన్నేళ్ళ నుంచీ నోట్లో నాలుక లేనిదానిలా ఉల్లిపాయలు తరుగుతూ కళ్ళు తుడుచుకుంటుంటే జాలిపడ్డాను. పాలు పోసి పెంచాను. కాటు నన్నే వేశావు.

ఆ జాడీలు ఏం చేశావో చెప్పు. నిజం చెప్పు.

అక్క


అక్క హోటలు

అక్కకి,

అడిగావు కాబట్టి చెప్తున్నాను. జాడీలు నువ్వు వెళ్ళిన పూటే మోరీలో పారబోశాను. కారు మలుపు తిరిగేదాకా కూడా ఆగలేదు.

బావ సంగతి ముందు తేల్చేస్తాను. ఆయన గురక, ఆయన కడుపునొప్పి, తువ్వాలు ఎక్కడ పడితే అక్కడ పడెయ్యడం, అన్నీ నీవే, నీకే ఉండనీ. ఒక మొగుణ్ణి చూశాను, చాలు. బావ నాకెందుకు? నాక్కావలసింది పొయ్యి. నువ్వు అది తప్ప అన్నీ ఇచ్చావు. తిండి పెట్టావు, తిట్లు పెట్టావు, నీ పాత చీరలిచ్చావు. గిన్నె మీద వంగి ఒక్క చిటికెడు ఉప్పు వెయ్యబోతే గరిటెతో మణికట్టు మీద కొట్టావు. ఆ మచ్చ ఇంకా ఉంది, వచ్చాక చూపిస్తా.

ఏడాది కిందట ఒక పొద్దున నువ్వు రుచి చూసి, ఇంకో గుప్పెడు వేసి, రెండు దెబ్బలు కొట్టావు. పెద్దాయన గిన్నె బయటికి తెచ్చాక నేను చెంచాతో చూశాను. గొంతు పట్టేసింది. నీకు చెప్పబోయాను, నువ్వు "ఏంటే ఆ మొహం" అన్నావు. మర్నాడు వెనక వరండాలో ఇటుకలు పేర్చి రెండో పొయ్యి పెట్టాను, వేడినీళ్ళకని నీతో చెప్పాను గుర్తుందా? అప్పట్నుంచి ముందుగదిలోకి వెళ్ళింది ఆ పొయ్యి మీద కాగిందే. నువ్వు దెబ్బలు కొట్టేదానివి, నీ గిన్నె వెనక్కి వచ్చేది, నా గిన్నె ముందుకి పోయేది. "అక్క చెయ్యి అక్క చెయ్యే" అని టైర్లాయన అంటే నువ్వు కొంగుతో మొహం తుడుచుకుని నవ్వేదానివి. నేను గోడ వెనక నిలబడి వినేదాన్ని.

నీ సూపు ఏమయ్యేదో కూడా చెప్పాలిగా. పందుల ఆసామి తీసుకుపోయేవాడు. కొన్నాళ్ళకి అతనూ వద్దన్నాడు. పందులు నీళ్ళ తొట్టి దగ్గరనుంచి కదలడం లేదట.

ఇంత జరుగుతుంటే ఎందుకు చెప్పలేదంటావు. బావేమో భయపడ్డాడు. నేను భయపడలేదు. చెప్పాలని అనిపించలేదు, అంతే. నువ్వు అంత నమ్మకంగా గుప్పెళ్ళు గుప్పెళ్ళు ఉప్పు వేస్తుంటే చూడటానికి నాకు కడుపు నిండినట్టుండేది. ఆ ఏడాదంత సుఖంగా నేనెప్పుడూ బతకలేదు.

బోర్డు మార్పిస్తానని భయపడకు. ఎందుకు మార్చడం? ఈ వారం నుంచి అందరూ నన్నే అక్కా అని పిలుస్తున్నారు. పలుకుతున్నాను.

నువ్వు వచ్చాక ముందుగదిలో కిటికీ పక్కన నీకొక కుర్చీ వేయిస్తాను. వచ్చేపోయేవాళ్ళని పలకరిస్తూ కూర్చో. వేళకి ప్లేటు నీ ముందుకొస్తుంది, నేనే పంపిస్తాను. తిను. ఎలా ఉందో చెప్పక్కర్లేదు. చెప్పడానికి నాలుక ఎక్కడ ఏడ్చింది?

నీ చెల్లెలు


ఇంకో ఊరు,
ఇంకో హోటలు

వంటమనిషి గారికి,

నీ ఉత్తరం మీ బావ చేత పైకి చదివించుకుని మరీ విన్నాను. పందుల దగ్గర ఆయన ఆగాడు. చదవమన్నాను.

నేనిప్పుడు అరవడం లేదు. ఈ ప్రయాణం మొదట్లో మీ ఇద్దరూ మీకోసం చేయించారు, ఇప్పుడు నేను నాకోసం చేస్తున్నాను. ఇంకా దారి ఉంది, కారు బాగానే నడుస్తోంది. దొరికిన చోట ఆగి, పెట్టింది తింటున్నాను. ఎవర్నీ ఏమీ అనడం లేదు. ఏది తిన్నా తడిపిన కాగితం నమిలినట్టే ఉన్నప్పుడు ఎవర్ని తిట్టి ఏం లాభం. మీ బావకి ఈ మౌనం భయంగా ఉంది. ఉండనీ.

నీకో సంగతి చెప్పాలి. మీ బావకి తెలీదు, అప్పటికి మా పెళ్ళి కాలేదు. నీకూ తెలీదు, నువ్వు బల్ల కింద పాకే వయసు. ఆ పొయ్యి ముందు అమ్మది కదా. అమ్మకి ఒంట్లో బాగాలేక గరిటె నాకిచ్చిందని అందరికీ చెప్పాను, నువ్వూ అదే నమ్మావు. అమ్మకి ఒళ్ళు బాగానే ఉంది. నాలుక పోయింది. నా ఈ వయసులోనే.

నేను నీలా చాటుగా రెండో పొయ్యి పెట్టి ఏడాది ఆగలేదు. కనిపెట్టిన వారంలోనే, జనం నిండా ఉన్న పూట, అమ్మ ఉప్పేసి వెళ్ళిన గిన్నెలో నేనింకో రెండు గుప్పెళ్ళు వేశాను. గిన్నె ముందుగదిలోకి తెప్పించి అందరి ముందూ అమ్మని పిలిచి చెంచా నోటికి అందించాను. "ఎలా ఉందమ్మా?" అన్నాను. "బాగుంది తల్లీ" అంది. అప్పటికే ముగ్గురు వాంతి చేసుకున్నారు. ఆ పూటే గరిటె నా చేతికొచ్చింది. నేను బాధపడ్డానేమో అనుకుంటావు. లేదు. నీకు కడుపు నిండినట్టే నాకూ నిండింది. ఆ విషయంలో మనం ఒక తల్లి పిల్లలమే.

లెక్క చూసుకో. నేను నీకన్నా ఎన్నేళ్ళు పెద్దో నీకు తెలుసు. అన్నే ఏళ్ళు ఆ పొయ్యి నీది, అంతకు మించి కాదు. ముందే రావచ్చు కూడా. నాకెప్పుడు మొదలైందో నాకే తెలీలేదు. ఒక రోజు పెద్ద శబ్దం చేసి పోదు అది, రోజూ రవ్వంత తగ్గుతుంది, నువ్వు రోజూ రవ్వంత ఉప్పు పెంచుతావు, అన్నీ బాగానే ఉన్నట్టుంటుంది. పొద్దున్నే నాలుక మీద ఉప్పురాయి పెట్టుకుని చూసుకుంటూ ఉండు. అనుమానంగా ఉంటే పక్కవాళ్ళని అడుగు. చెప్తారు.

గరిటె ఈ ఉత్తరంతో పాటు పార్సిల్లో వేస్తున్నాను. ఇక అది నాకెందుకు. అంచు మీద గట్టిగా కొట్టు, నీ చెయ్యి మెత్తన.

అక్క


అక్క హోటలు

అక్కా,

గరిటె అందింది. పిడి దగ్గర నీ బొటనవేలు పడి పడి గుంట పడింది కదా, అందులో నా వేలు సరిపోవడం లేదు. అయినా దాంతోనే కొడుతున్నాను.

అమ్మ గురించి నువ్వు రాసింది నిజమో, నా మీద కక్షతో అల్లావో తెలీడం లేదు. అడుగుదామంటే అప్పటివాళ్ళు ఒక్కరూ లేరు. బావని ఫోన్లో అడిగితే తనకి తెలీదంటాడు, అదీ నువ్వు ముందే రాసేశావు.

ఉప్పురాయి పెట్టుకుని చూశాను. ఉప్పగానే ఉంది. నిన్న కూడా ఉప్పగానే ఉంది. మొన్నటికన్నా నిన్న కాస్త తక్కువగా ఉందేమో అనిపించి ఇంకో రాయి పెట్టుకున్నాను. అలా రెండు మూడు పెట్టుకుంటే ఇక ఏదీ సరిగ్గా తెలీడం లేదు.

వెనక వరండాలో రెండో పొయ్యి పగలగొట్టించాను. ఇటుకలు కూడా ఉండనివ్వలేదు, బండిలో వేయించి పంపించేశాను. ఎముకలు కొట్టడానికి కొత్తగా ఒకావిడని పెట్టుకున్నాను, నువ్వన్నట్టే చురుకైన మనిషి. నేను రుచి చూస్తున్నప్పుడు నావంక చూస్తోంది. వెనక గుమ్మం దగ్గర ఎక్కువసేపు ఉంటోంది. రేపటినుంచి ఆ తలుపుకి తాళం వేస్తాను.

పొద్దున టైర్లాయన సగం గిన్నె వదిలేసి లేచాడు. "ఏం, బాగాలేదా?" అన్నాను. "భలేదానివి అక్కా, ఇంట్లో తినొచ్చాను" అన్నాడు. పెద్దాయన్ని పిలిచి చెంచా ఇచ్చాను, బాగుందన్నాడు. ఒట్టు పెట్టి చెప్పమన్నాను, ఒట్టు పెట్టి బాగుందన్నాడు. కొత్తావిడా బాగుందంది. ఎంతమందిని అడిగినా ఒకటే మాట.

నువ్వెప్పుడొస్తావు? నీకు రుచి తెలీదని తెలుసు. అయినా నాతో అబద్ధం ఆడాల్సిన అవసరం లేనిదానివి నువ్వొక్కదానివే. కుర్చీ కిటికీ పక్కన వేయించి ఉంచాను.

అందరూ బాగుందనే అంటున్నారు అక్కా. నీతో కూడా మేమందరం అలాగే అనేవాళ్ళం.

మొద్దు